కారు స్టీరియోలో వేల పాటలు: వెతుకులాట ఇంట్లోనే అయిపోవాలి

హోస్ట్: అందరికీ నమస్కారమండీ. పెన్‌డ్రైవ్ నిండా పాటలుంటాయి, కారెక్కాక కావాల్సిన పాట ఒక్కటీ దొరకదు. మా శ్రోతల్లో చాలామంది బాధ ఇదే. అందుకే ఇవాళ మా బాబాయ్ గారిని కూర్చోబెట్టాను. పాలకొల్లులో కార్లకి స్టీరియోలు బిగించే షాపు ఆయనది. క్యాసెట్ల రోజుల నుంచీ ఇదే పని. నమస్కారం బాబాయ్ గారూ.

బాబాయ్: నమస్కారమమ్మా. ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాక పాట వెతక్కూడదు. ఆ వెతుకులాటంతా ఇంట్లో, కంప్యూటర్ ముందే అయిపోవాలి.

హోస్ట్: అంత ఖచ్చితంగానా?

బాబాయ్: మన రోడ్లు చూడు. భీమవరం వెళ్లు, నర్సాపురం వెళ్లు, చాలా దూరం ఒక పక్క కాలువ ఉంటుంది. కొన్నిచోట్ల గోడ కూడా ఉండదు. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే సంస్థ 2013లో కార్ల కంపెనీలకి కొన్ని మార్గదర్శకాలిచ్చింది. కారు నడుపుతూ స్క్రీన్ మీద ఏ పని చేసినా ఒక్కో చూపు 2 సెకన్లు దాటకూడదు, ఆ పనికి పట్టే చూపులన్నీ కలిపి 12 సెకన్లు దాటకూడదు అని. ఇప్పుడు లెక్క వెయ్యి. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో 2 సెకన్లంటే 33 మీటర్లు. అంత దూరం మనం రోడ్డు చూడకుండా వెళ్లిపోతాం. ఎదురుగా వరికోత మిషనో, కొబ్బరికాయల లోడు ట్రాక్టరో వస్తే ఏంటి పరిస్థితి?

హోస్ట్: వినడానికే భయంగా ఉంది. సరే, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పండి. పాటలన్నీ ఒక ఫోల్డర్‌లో పడేస్తే సరిపోదా?

బాబాయ్: మూడు వేల పాటలు ఒకే ఫోల్డర్‌లో ఉంటే నాబ్ తిప్పీ తిప్పీ చెయ్యి నొప్పెడుతుంది. ఫోల్డర్లు ఉండాలి, కానీ తక్కువ ఉండాలి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో మళ్లీ ఫోల్డర్ వద్దు. నన్నడిగితే పది, పన్నెండు ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో వంద లోపు పాటలు. స్టీరియోకి కూడా హద్దులుంటాయి. పయనీర్ కంపెనీ స్టీరియోల్లో కొన్ని మోడళ్ల మాన్యువల్ చూడు, 500 ఫోల్డర్లు, 15,000 ఫైళ్లు, ఫోల్డర్ లోపల ఫోల్డర్ ఎనిమిది మెట్ల దాకా అని రాసుంటుంది. అది దాటితే పాట పెన్‌డ్రైవ్‌లో ఉన్నా స్టీరియో లెక్కలోకి రాదు. ఇది కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్లో ఆ ఒక్క పేజీ అయినా చదవమని అందరికీ చెబుతుంటాను.

హోస్ట్: ఫోల్డర్‌కి పేరు ఎలా పెట్టాలి?

బాబాయ్: అసలు సంగతి అక్కడే ఉంది. ఈ మధ్య ట్రావెల్స్ నడిపే కుర్రాడొకడు వచ్చాడు. బోలెడు పాటలున్నాయి, ఒక్కటీ పట్టుకోలేకపోతున్నానండి అన్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. అతని స్టీరియోకి ఒక్క లైను డిస్‌ప్లే, పది, పన్నెండు అక్షరాలు కనపడతాయి. ఫోల్డర్లన్నిటికీ ముందు ఆ పాటలు దింపుకున్న వెబ్‌సైట్ పేరు ఉంది. నాబ్ ఎంత తిప్పినా డిస్‌ప్లే మీద ఆ సైటు పేరే. అసలు పేరు రావాలంటే అక్షరాలు ఒక్కొక్కటే జరిగే దాకా ఆగాలి. అక్కడే కూర్చుని ఆ సైటు పేర్లన్నీ తీసేశాం, ముందు నంబరు, తర్వాత ఒక్క మాట. 01 ఘంటసాల. 02 బాలు. 03 భక్తి. 04 పెళ్లి. 05 పిల్లలు. నంబరు గుర్తుంటే డిస్‌ప్లే చూడక్కర్లేదు, క్లిక్కులు లెక్కపెడుతూ నాబ్ తిప్పితే నాలుగో ఫోల్డర్ వచ్చేస్తుంది.

హోస్ట్: 1, 2 అని కాకుండా 01, 02 అంటున్నారే?

బాబాయ్: అవునమ్మా, ఆ సున్నా ఉండాలి. స్టీరియో అంకె విలువ చూడదు, ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూసి వరుస పెడుతుంది. సున్నా లేకపోతే 1 తర్వాత 10, 11 వచ్చి ఆ తర్వాతెప్పుడో 2 వస్తుంది. ఇంకో రకం స్టీరియోలున్నాయి. అవి పేరే చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు. అలాంటి స్టీరియోకి పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, 01 నుంచి ఒక్కో ఫోల్డర్ వరసగా కాపీ చెయ్యాలి. మధ్యలో ఒక పాట చేరిస్తే అది చివరికి పోతుంది. ఆ వరుసని సరిచేసే చిన్న సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

హోస్ట్: ఇప్పుడొచ్చే టచ్ స్క్రీన్లు ఫోల్డర్లు కాకుండా ఆర్టిస్ట్, ఆల్బమ్ అని చూపిస్తాయి కదా. మా కార్లో అదే.

బాబాయ్: ఆ పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి? పాట ఫైలు లోపల ఉండే ట్యాగ్ నుంచి, అంటే పాట పేరు, పాడినవాళ్ల పేరు లాంటి వివరాలు రాసుండే చీటీ నుంచి. ఐడీ3 అంటారు. 1996లో మొదలైనప్పుడు ఫైలు చివర 128 బైట్లు మాత్రమే ఉండేది, పాట పేరుకి 30 అక్షరాలు. తర్వాత దాన్ని పెంచారు. కష్టమేంటంటే మన సినిమా పాటల ట్యాగులు ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. బాలు గారినే తీసుకో. ఒక ఫైల్లో ఎస్పీబీ, ఒకదాంట్లో ఎస్.పి. బాలు, ఇంకోదాంట్లో బాలసుబ్రహ్మణ్యం పూర్తి పేరు. చుక్క ఉంటే ఒక మనిషి, చుక్క లేకపోతే ఇంకో మనిషి అనుకుంటుంది స్టీరియో. యుగళగీతం అయితే బాలు, సుశీల ఒక ఆర్టిస్ట్. సుశీల, బాలు ఇంకో ఆర్టిస్ట్. నలుగురు గాయకుల పాటలే రెండు వందల ఆర్టిస్టులుగా చీలిపోతాయి.

హోస్ట్: సంగీత దర్శకుల సంగతి?

బాబాయ్: మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారున్నారు. తమిళంలో ఆయన మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. మూడు భాషల పాటలూ పెట్టుకున్నావనుకో, స్టీరియోలో ఆయన మూడు చోట్ల ఉంటారు. ఇళయరాజా గారి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని చోట్ల ఉంటారు. అంత పాడినవాళ్లని, అంత సంగీతమిచ్చినవాళ్లని ముక్కలు ముక్కలుగా చూస్తుంటే నాకు మనసొప్పదు. ఒకరి పాటలన్నీ ఒక్కచోట కనపడాలి.

హోస్ట్: మరి సరిచెయ్యడం ఎలా? వేల పాటలు ఒక్కోటి తెరిచి రాయాలా?

బాబాయ్: అక్కర్లేదు. ఎంపీ3ట్యాగ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వంద పాటలు ఒకేసారి సెలెక్ట్ చేసి ఆర్టిస్ట్ పేరు ఒక్కసారి కొడితే వందకీ పడుతుంది. ఒక సినిమా పాటలన్నిటికీ ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిలో సంగీత దర్శకుడి పేరు పెట్టు. చాలా స్టీరియోలు ఆ గడి చూసి పాటల్ని ఒక్కచోటికి చేరుస్తాయి. ఆల్బమ్ పేరు పక్కన సంవత్సరం కూడా పెట్టు. దేవదాసు 1953లో ఉంది, 2006లోనూ ఉంది. సంవత్సరం లేకపోతే సుబ్బరామన్ గారి పాటల మధ్యలో చక్రి గారి పాట వస్తుంది. రెండూ బాగుంటాయి, కానీ ఒకటి విందామని పెట్టుకున్నప్పుడు రెండోది రాకూడదు కదా.

హోస్ట్: పేర్లు తెలుగులో రాసుకోవచ్చా?

బాబాయ్: కొత్త స్క్రీన్లు కొన్ని చక్కగా చూపిస్తాయి. ఫాంటు లేనివాటిలో గళ్లు గళ్లుగా వస్తుంది. ఒక్క పాటకి తెలుగులో రాసి, కార్లో చూసి, బాగుంటే అన్నిటికీ రాయి. సేవ్ చేసేటప్పుడు ట్యాగ్‌కి ఐడీ3 2.3 వెర్షన్, అక్షరాలు దాచే పద్ధతికి యూటీఎఫ్-16 అని ఎంచుకుంటే ఎక్కువ స్టీరియోలకి పడుతుంది. నా కోరిక అయితే అన్ని స్టీరియోలూ తెలుగు చూపించాలని. పాట తెలుగులో వింటూ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కూడబలుక్కోవడమేంటి?

హోస్ట్: ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, బ్లూటూత్ పెట్టుకుంటే చాలు అనేవాళ్లకి?

బాబాయ్: చాలు, వాళ్లకి కావాల్సినవి దొరికితే. పాత బ్లూటూత్‌లో ముందు పాట, తర్వాత పాట, అంతే. బ్లూటూత్‌లో పాటల్ని కారు నుంచి నడిపించే పద్ధతిని ఏవీఆర్‌సీపీ అంటారు. దాని 1.4 వెర్షన్ నుంచి ఫోన్లో లిస్టు కారు స్క్రీన్ మీదకి వస్తుంది, ఫోన్లోనూ స్టీరియోలోనూ ఆ సదుపాయం ఉండాలి. కానీ మన దగ్గరకొచ్చేవాళ్ల పాటలన్నీ నెట్‌లో ఉండవమ్మా. మొన్న అమలాపురం వైపు నుంచి ఒకాయన వచ్చారు. వాళ్ల నాన్నగారు ఊరి నాటకంలో పాడిన పద్యాలు క్యాసెట్లో ఉన్నాయి, కార్లో వినాలి అని.

హోస్ట్: అయ్యో, ఎంత బాగుంది. ఎలా చేశారు?

బాబాయ్: క్యాసెట్ ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కి వైరు పెట్టి ఎక్కించాం. 60 నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు అరగంట. అలాగే వదిలేస్తే అరగంటకి ఒకే ఫైలు. నాలుగో పద్యం కావాలంటే ఫార్వర్డ్ నొక్కిపట్టుకుని రోడ్డు మీద వెతకాలి, మనం వద్దనుకున్నదే అది. అందుకని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, పద్యం మొదలయ్యే ప్రతిచోటా ఒక గుర్తు పెట్టాం. హార్మోనియం శ్రుతి అందుకున్న దగ్గర గుర్తు, రాగం తీసి చప్పట్లు అయిపోయిన దగ్గర ఇంకో గుర్తు. ఆ గుర్తుల దగ్గర ముక్కలు చేస్తే, గుర్తుల పేర్లే ఫైళ్ల పేర్లయ్యాయి. ఆయన పక్కనే కూర్చుని ఏ పద్యం ఎక్కడ మొదలవుతుందో చెబుతూనే ఉన్నారు. ఆర్టిస్ట్ గడిలో వాళ్ల నాన్నగారి పేరు కొట్టాను. స్క్రీన్ మీద ఆ పేరు చూసి చాలాసేపు మాట్లాడలేదాయన.

హోస్ట్: పెన్‌డ్రైవ్ ఎంతది కొనాలి?

బాబాయ్: చాలామందికి 32 జీబీ చాలు. 320 కేబీపీఎస్ క్వాలిటీలో నిమిషానికి 2.4 ఎంబీ, అయిదు నిమిషాల పాట 12 ఎంబీ. అంటే రెండున్నర వేల పాటలు పైనే. 128 జీబీలో అయితే పదిన్నర వేల దాకా. పెద్దది కొంటే కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్టీరియో అంతా చదువుకోవడానికి టైం తీసుకునే అవకాశముంది. పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేటప్పుడు ఫ్యాట్32 అనే రకం ఎంచుకోండి, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే రకాన్ని చాలా స్టీరియోలు చదవవు. యాపిల్ కంప్యూటర్‌లో కాపీ చేస్తే చుక్కతో మొదలయ్యే దాగుడు ఫైళ్లు కొన్ని పడతాయి, అవి స్టీరియోలో పలకని పాటల్లా కనపడతాయి. వాటిని తీసెయ్యాలి.

హోస్ట్: దారిలో మూడ్ మారితే? భక్తి పాటల నుంచి ఘంటసాలకి వెళ్లాలనిపిస్తే?

బాబాయ్: పక్కన కూర్చున్నవాళ్లు మార్చాలి. ఒక్కడివే ఉంటే స్టీరింగ్ మీద నెక్స్ట్ బటన్ తప్ప ఇంకేదీ ముట్టుకోకు. లేకపోతే ఆగు. సఖినేటిపల్లి రేవులో నర్సాపురం పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, దాని కోసం ఎలాగూ ఆగుతావు, అప్పుడు మార్చుకో. చించినాడ వంతెన మీదుగా వెళ్తుంటే, వంతెన దాటాక ఎక్కడైనా రోడ్డు దిగి ఆపుకుని మార్చు.

హోస్ట్: ఆఖరిగా ఇంకేమైనా?

బాబాయ్: పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కాపీ మాత్రమే. అసలు పాటలు ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉండాలి, ఇంకో చోట ఇంకో కాపీ ఉంటే మరీ మంచిది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల ఎంత వేడిగా ఉంటుందో తెలుసు కదా, పెన్‌డ్రైవ్ దాంట్లోనే వదిలేస్తాం. సినిమా పాట పోతే మళ్లీ దొరుకుతుంది. ఆ పద్యాల్లాంటివి పోతే దొరకవు. మీ ఇంట్లో తాతగారి హరికథ క్యాసెట్లు బీరువాలో ఉన్నాయన్నావు, ఆదివారం షాపుకి పట్టుకురా. ప్లేయర్ బెల్టు కొత్తది వేసి పెట్టాను.

హోస్ట్: తప్పకుండా తెస్తాను బాబాయ్ గారూ. అమ్మని కూడా తీసుకొస్తాను, ఏ కథ ఎక్కడ మొదలవుతుందో ఆవిడకే తెలుసు.