కార్డు వెనక్కి తిప్పండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు చదివేశారు, మళ్ళీ చదవను. గ్రంథాలయ వారోత్సవాలకి ఈ రోజు, నవంబరు 20, ఆఖరిది. 1947లో ఇదే తేదీన లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఎలిజబెత్ రాకుమారికీ ఫిలిప్‌కీ పెళ్ళయింది. రాచపెళ్ళిళ్ళ ఫోటో పోస్టుకార్డుల మీద ప్రసంగం పెట్టడానికి ఆ తేదీ సాకుగా దొరికింది.

చరిత్ర చెబుతాను, ఆగండి. ముందొక మొర వినండి. పాత ఫోటో కార్డు దొరగ్గానే లామినేషన్ షాపుకి పరుగెత్తకండి. వేడికి కరిగిన ప్లాస్టిక్కు బొమ్మ ఉన్న జెలటిన్ పొరకి అంటుకుపోతుంది. ఊడదీస్తే బొమ్మ కూడా లేచొస్తుంది. ఇంకొందరు స్టాంపు కోసం కార్డుని నీళ్ళలో నానబెడతారు. స్టాంపు ఊడుతుంది, దానితోపాటు దాని మీద పడ్డ తపాలా తేదీ ముద్ర సగం పోతుంది. కార్డు ప్రాణం ఆ ముద్రలో ఉందండి.

ఎందుకో చెబుతాను. 1906 మే 31న మాడ్రిడ్‌లో స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో పెళ్ళి. వధువు ఎనా, విక్టోరియా రాణి మనవరాలు. చర్చి నుంచి ఊరేగింపు తిరిగొస్తుంటే ఒకడు మేడ మీంచి పూలగుత్తి విసిరాడు. అందులో బాంబు! దంపతులు బతికారు, ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. ఆ పేలుడు క్షణాన్ని పట్టిన ఫోటో లోకమంతా తిరిగింది. అయితే పెళ్ళికి ముందే అచ్చయిన కార్డుల్లో జంట ప్రశాంతంగా నవ్వుతూ ఉంటారు. ఆ కార్డు మే 30న పోస్టయిందా, జూన్ 1న పోస్టయిందా? బొమ్మ చెప్పదు. వెనకున్న ముద్రే చెప్పాలి. దాన్ని నానబెట్టి కడిగేస్తామా, చెప్పండి?

పెళ్ళిరోజుకి అంగట్లో ఉండాలంటే ముందే తయారవ్వాలి కదా. అందుకే వధూవరుల స్టూడియో ఫోటోలు రెండు విడివిడిగా తెచ్చి, పక్కపక్కన గుండ్రటి చట్రాల్లో అమర్చేవారు. ఊరేగింపు, చర్చి మెట్లు కనబడితే అది పెళ్ళయ్యాక తీసింది. బీగిల్స్, రోటరీ, రఫేల్ టక్ లాంటి కంపెనీలు అసలు ఫోటో కార్డుల మీద ‘అసలు ఫోటో’ అన్న మాట ఇంగ్లీషులో అచ్చేసేవి. వెనక పోస్టుకార్డు గీతలున్న బ్రోమైడ్ కాగితం, అంటే వెలుగు పడితే బొమ్మ పట్టే ఫోటో కాగితం మీద నెగటివ్ నుంచి ఫోటో దింపి, కడిగి, ఆరబెట్టేవారు. కడిగేటప్పుడు ఫోటో మందు సరిగా వదలకపోతే ఏళ్ళు గడిచాక పసుపు మచ్చలు తేలతాయి.

తేదీ సంగతి. బ్రిటన్లో ప్రైవేటు బొమ్మ కార్డులని టపాలో అనుమతించింది 1894 సెప్టెంబరు 1 నుంచి. 1893 జూలైలో జరిగిన జార్జి (తర్వాత బ్రిటన్ రాజు ఐదో జార్జి), మేరీల పెళ్ళినాటి కార్డంటూ ఎవరైనా బ్రిటిష్ బొమ్మ కార్డు అమ్మజూపితే అనుమానించండి. అప్పటి జ్ఞాపికలు దళసరి అట్టకి అంటించిన క్యాబినెట్ ఫోటోలు. 1902 దాకా వెనకవైపు అడ్రసుకే, రాత బొమ్మ పక్కనే ఇరికించాలి. పెళ్ళికూతురి కాళ్ళ కింద సిరా రాతలుంటే అవి పాడు చేసినవి కావు. రబ్బరుతో చెరపకండి తల్లీ!

మన నిజాం కొడుకులిద్దరి పెళ్ళిళ్ళు 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్‌లో జరిగాయి. అది మొదలెడితే రాత్రయిపోతుంది, వదిలేస్తున్నాను.

అసలు ఫోటోయా, అచ్చా? పది రెట్ల భూతద్దం పెట్టండి. వరసగా చుక్కలు కనిపిస్తే అచ్చు. చుక్కల్లేకుండా నలుపు సాఫీగా తెలుపులోకి కరిగితే ఫోటో. అంచుల్లోని నల్లని చోట్ల నీలం వెండి మెరుపు తేలితే, లోపలి వెండి పైకొచ్చిందన్నమాట. తుడవకండి. ఇక నోట్లు పరీక్షించే నీలి లైటు వేయండి. తెల్లదనం పెంచే రసాయనాలు ఫోటో కాగితాల్లో చేరింది 1950ల నుంచి. 1923 నాటి కార్డన్నది తెల్లగా భగ్గుమంటే తర్వాత తీసిన నకలు.

ఇప్పుడు మన చెమ్మ. గాలిలో తేమ 65 శాతం దాటితే జెలటిన్ మీద బూజు పడుతుంది. మన ముసురు రోజుల్లో అది దాటని పూట ఏదండీ? అటక మీద ట్రంకు పెట్టె వద్దు, పైన ఎండ కాలుస్తుంది. బయటి గోడకి ఆనని బీరువాలో మధ్య అర మంచిది. పీవీసీ కవర్లు మానండి, కొన్నాళ్ళకి జిగురుగా మారి అంటుకుంటాయి. పాలిప్రొపిలిన్‌వి వాడండి. గాలి చొరని డబ్బాలో గుడ్డసంచీలో చెమ్మ పీల్చే సిలికా జెల్ గింజలు పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకొస్తే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట చట్రం తప్పనిసరి.

1986 ఆగస్టు గోదావరి వరదా, 1996 నవంబరు తుపానూ చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. కార్డులు తడిసి ఒకదానికొకటి అంటుకుంటే పొడిగా ఉన్నప్పుడు లాగకండి. చల్లటి మంచినీళ్ళలో ఉంచితే మెల్లగా వాటంతటవే వదులుతాయి. బొమ్మవైపు వేలు పెట్టకుండా, బురదని నీటితోనే పోనిచ్చి, బొమ్మ పైకుండేలా అద్దుడు కాగితం మీద నీడన ఆరబెట్టండి. సిరా రాతలున్నవాటిని మాత్రం నానబెట్టొద్దు. రెండు రోజుల్లో ఆరబెట్టడం కుదరకపోతే, మధ్యలో మైనపు కాగితం పెట్టి ఫ్రీజర్లో దాచండి. బూజు ఆగుతుంది, తీరిగ్గా చూసుకోవచ్చు.

అదుగో, ఆ బల్ల మీద భూతద్దం, నీలి లైటు పెట్టాం. కార్డులు తెచ్చినవాళ్ళు అంచులు పట్టుకుని రండి. ముందు వెనకవైపు చూద్దాం.