జయ జయహే గొడవలో ఎవ్వరూ ఎత్తని పేరు: మన మానుకోట చక్రి

నమస్తే అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ. ముందు ఒక చిన్న పరీక్ష. ఫోన్‌లో వెతకొద్దు, ఠక్కున చెప్పాలి. 'జగమంత కుటుంబం నాది' పాటకు మ్యూజిక్ ఎవరు?

రాసింది సిరివెన్నెల గారని అందరూ చెప్తారు. పాడింది శ్రీ అని కొంతమంది చెప్తారు. మరి ట్యూన్ కట్టిందెవరయ్యా అంటే గుటకలు మింగుతారు. ఇళయరాజా అనేవాడొకడు, కీరవాణి అనేవాడొకడు. కాదు! చక్రి. 2005లో వచ్చిన చక్రం సినిమా. మన చక్రి, మానుకోట (అదే, మహబూబాబాద్) చక్రి, కంబాలపల్లి చక్రి. 'ఇడియట్'లో 'చూపుల్తో గుచ్చి గుచ్చి' అని థియేటర్లో పేపర్లు ఎగరేయించింది ఎవరో, ఏకాకి జీవితం నాది అని ఏడిపించింది కూడా ఆయనే. ఆ సంగతి తెలియక ఇన్నాళ్లూ 'చక్రి అంటే మాస్ బీటే కదా' అన్నవాళ్లకే ఇవాళ్టి వీడియో.

ఎందుకిప్పుడు అంటారేమో. జయ జయహే గొడవ మళ్లీ మొదలైంది కాబట్టి. ఎక్కడ పాట పెట్టినా ఎవడో ఒకడు దాన్ని తవ్వి తీస్తున్నాడు. మీకు తెలిసిందే కానీ ఒక్క ముక్కలో చెప్తా. 2024లో అందెశ్రీ గారి 'జయ జయహే తెలంగాణ'ని రాష్ట్ర గీతం చేశారు, సంగీతం కీరవాణికి ఇచ్చారు. మన సినీ మ్యుజీషియన్ల సంఘం వాళ్లు మే నెలలో ముఖ్యమంత్రికి లేఖ రాశారు. తెలంగాణ గీతానికి తెలంగాణ సంగీత దర్శకుడు దొరకలేదా అని. ఎవరు చేయాలన్నది అందెశ్రీ గారికే వదిలేశామని ముఖ్యమంత్రి అన్నారు. జూన్ 2న పాట వచ్చేసింది. అయినా మంట ఆరలేదు.

ఆ మంట తప్పని నేననను. నాకూ ఆ రోజు చురుక్కుమంది. రేబర్తిలో పుట్టి, పశువులు కాసి, బడి మొహం చూడకుండా అంత పాట రాసిన మనిషి. కాకతీయ యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చిన మనిషి. ఆయన పాటకు మనోడి ట్యూన్ ఉంటే బాగుండు అని ఎవరికుండదు? కానీ ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు స్టేజీ మీద నిలబడ్డది ఎవరెవరు? కొవ్వూరు కీరవాణి, చల్లగరిగె చంద్రబోస్. చిట్యాల మండలం చల్లగరిగె! ఆ రోజు మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం, డప్పులు కొట్టాం. ట్యూన్ ఎవరిది, మాట ఎవరిది, ఏ జిల్లా అని ఒక్కడైనా లెక్క తీశాడా?

సరే, ఇప్పుడు నా అసలు పాయింట్. తిట్టేవాళ్లు పూర్తిగా విని తిట్టండి.

మన దగ్గర మాట పుట్టినంత తేలిగ్గా ట్యూన్ కెరీర్ పుట్టలేదు. పేర్లు చూడండి. సినారె హనుమాజీపేట. దాశరథి చినగూడూరు. చంద్రబోస్ చల్లగరిగె. అందెశ్రీ రేబర్తి. ఉత్తర తెలంగాణలో ఏ పల్లెకి వెళ్లినా ఒక పాట కట్టేవాడు దొరుకుతాడు. మరి సంగీత దర్శకులేరీ? పెద్ద హీరోల సినిమాలకు వరసపెట్టి చేసినవాళ్లని లెక్కేస్తే, ఈ వైపు నుంచి చక్రి దగ్గరే వేలు ఆగిపోతుంది. ఖమ్మం నుంచి వందేమాతరం శ్రీనివాస్ గారు ఉన్నారు, 'ఒసేయ్ రాములమ్మ'ని ఎవరు కాదంటారు? ఆ తర్వాత?

ఎందుకు లేరు? మనకు రాగం తెలియదా? ఒగ్గు కథ చెప్పేవాడికి రాగం తెలియదా? బతుకమ్మ చుట్టూ తిరిగే అక్కలకు లయ తెలియదా? విషయం అది కాదన్నా. పాట రాయడానికి పెన్నూ కాగితం చాలు. అందెశ్రీ గారికి అది కూడా అక్కర్లేదు, నోటితోనే కట్టేవారు. మ్యూజిక్ డైరెక్టర్ కావాలంటే స్టూడియో కావాలి, వయొలిన్లు వాయించేవాళ్లు కావాలి, వాళ్ల మధ్యలో ఏళ్ల తరబడి కూర్చుని చూసి ఉండాలి. అప్పట్లో ఆ స్టూడియోలన్నీ ఎక్కడుండేవి? మద్రాసులో!

మణిశర్మ నాన్నగారు వయొలిన్ వాయించేవారు, పెరిగింది మద్రాసు. దేవిశ్రీ నాన్నగారు సత్యమూర్తి, రచయిత, పెరిగింది మద్రాసు, మాండొలిన్ నేర్చుకుంది ఏకంగా మాండొలిన్ శ్రీనివాస్ దగ్గర. తమన్ వాళ్ల నాన్న డ్రమ్మర్, తాతగారు ఘంటసాల బలరామయ్య, మళ్లీ మద్రాసే. కీరవాణి కూడా చక్రవర్తి గారి దగ్గర అసిస్టెంట్‌గా చేసి, 1990లో 'మనసు మమత'తో బయటికొచ్చారు. వీళ్ల టాలెంట్‌ని నేను తక్కువ చేయట్లేదు, దండం పెడతా. కానీ వాళ్లు పుట్టగానే పక్క గదిలో ఆర్కెస్ట్రా ఉంది. మనకు పక్క గదిలో ఏముంది? వడ్ల బస్తాలు.

అందుకే అంటున్నా, మన పాటని కీరవాణి లాక్కోలేదు. మన పాటకు ట్యూన్ కట్టే మనిషి తయారయ్యే గదినే నలభై ఏళ్లపాటు మనకు దూరంగా పెట్టారు. 2024లో లేఖ రాస్తే ఆ గది రాదు.

ఇప్పుడు చక్రి దగ్గరికి రండి. ఆయన మొదటి సినిమా 'బాచి', 2000 సంవత్సరం. ఆ ఏడాదే ఎందుకు? అప్పటికి రికార్డింగ్ హైదరాబాద్‌కి దిగుతోంది. కీబోర్డు, కంప్యూటర్ వచ్చాయి, నలభై మంది వాయిద్యగాళ్లు లేకుండా కూడా పాట నిలబడుతోంది. అదే టైమ్‌లో ఆర్పీ పట్నాయక్ కూడా వచ్చారు చూడండి, 'చిత్రం' 2000లోనే. తలుపు కాస్త తెరుచుకుంది, మానుకోట నుంచి వచ్చిన మనిషి భుజం పెట్టి తోసి లోపలికెళ్లాడు. అదృష్టం అనకండి నాతో. క్యాసెట్ల కోసం ప్రైవేట్ ఆల్బమ్‌లు చేసుకుంటూ అవకాశం కోసం తిరిగిన మనిషి ఆయన.

లోపలికెళ్లాక ఆగాడా? 2001 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం', 2002 'ఇడియట్', 2003 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి', అదే ఏడాది 'శివమణి'. పూరి జగన్నాథ్ హీరో అంటే మనకొక నడక గుర్తొస్తుంది కదా, కాలర్ ఎగరేసి, పొగరుగా, ఎవడైతే నాకేంటి అన్నట్టు. నా దృష్టిలో ఆ నడకలో సగం చక్రిది. సౌండ్ ఆపేసి 'ఇడియట్' చూడండి, ఆ పొగరు ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది. ఇంకోవైపు వంశీ గారు పిలిచి 'ఔను వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు' ఇచ్చారు. ఇళయరాజాతో చేసిన వంశీ! 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం'లో 'మళ్లి కూయవే గువ్వా' హరిహరన్, కౌసల్య పాడితే ఇప్పటికీ రాత్రి బస్సుల్లో పెడుతున్నారు. రఘు కుంచె గొంతుని 'బాచి'లోనే వినిపించాడు. బాలకృష్ణ 'సింహా'కి 2010లో నంది తీసుకున్నాడు. 2011లో 'జై బోలో తెలంగాణ'కు మ్యూజిక్ ఎవరు? ఆయనే. గద్దరన్న 'పొడుస్తున్న పొద్దుమీద' ఉన్న సినిమా.

చక్రి పాటలన్నీ ఒకేలా ఉంటాయి అనేవాళ్లు ఉన్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పద్నాలుగేళ్లలో ఎనభైకి పైగా సినిమాలు. ఏడాదికి ఆరు వేసుకోండి. ఒక్కో సినిమాకు ఐదారు పాటలు, ఆ తర్వాత రెండున్నర గంటల బొమ్మకి రీ-రికార్డింగ్, అంటే సీన్ల వెనక వచ్చే మ్యూజిక్. పైగా ఇండస్ట్రీలో ప్యాకేజీ అని ఒకటుంటుంది. నిర్మాత ఒక ముద్ద అమౌంట్ చేతిలో పెడతాడు, స్టూడియో అద్దె, వాయించేవాళ్లు, పాడేవాళ్లు, మిక్సింగ్ అన్నీ మ్యూజిక్ డైరెక్టర్ అందులోంచే చూసుకోవాలి. నిజమైన వయొలిన్లు పెడితే తన జేబులోంచి పోతాయి. కీబోర్డులో వయొలిన్ నొక్కితే 'అంతా ఒకేలా ఉంది' అంటాం మనం. డబ్బులు పెట్టి, టైమ్ ఇచ్చి, సిరివెన్నెల సాహిత్యం చేతిలో పెడితే ఏం చేశాడో 'జగమంత కుటుంబం' చెప్తోంది కదా! సినిమా ఆడలేదు. పాట ఆగలేదు.

2014 డిసెంబర్ 15న పోయాడు. నలభై ఏళ్లు. తెలంగాణ రాష్ట్రం వచ్చి ఆరున్నర నెలలు. ఉండుంటే 2024లో ఆ లేఖ అవసరమే పడేది కాదని నేను బల్ల గుద్ది చెప్తా. మీరు ఒప్పుకోకపోతే ఇంకో పేరు చెప్పండి చూద్దాం.

చెప్పలేరు అని కూడా అనలేను ఇప్పుడు. ఎందుకంటే 2023లో 'బలగం' వచ్చింది, దాని మ్యూజిక్ డైరెక్టర్ భీమ్స్ పేరు ఇంటింటికీ తెలిసింది. కానీ ఆయన మొదటి సినిమా 2012లో వచ్చింది, ఆ గుర్తింపుకి పదకొండేళ్లు పట్టింది. 'రాను బొంబాయికి రాను'కి స్టెప్పు వేయనివాడు లేడు, మ్యూజిక్ కల్యాణ్ కీస్ అని ఎంతమందికి తెలుసు? 2021లో మంచిర్యాల పెళ్లికూతురు డ్యాన్స్‌తో 'బుల్లెట్టు బండి' ఊరూరా మోగింది, ఎస్.కె. బాజీ పేరు ఎవరికైనా నోటికొస్తుందా? పాడినవాళ్లు తెలుసు, ఆడినవాళ్లు తెలుసు, వాయించినవాడు గాలికి పోయాడు.

మొన్న హన్మకొండలో ఒక ఫోక్ సాంగ్ రికార్డింగ్‌కి వెళ్లా. ఇంటి మేడ మీద గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పాత పరుపు, ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు. ఏసీ ఫుల్లు. డప్పు అన్న వచ్చి రెండు దెబ్బలు కొట్టాడు, డప్పు మొద్దుబారి పలుకుతోంది. ఏసీకి తోలు మెత్తబడింది. ఆయన ఏం మాట్లాడకుండా గది బయటికెళ్లి కాగితాలు, కొబ్బరి పీచు పోగేసి మంటపెట్టి డప్పు కాచాడు. పొగంతా గదిలోకి. స్టూడియో తమ్ముడికి టెన్షన్, మైకు పాడైపోతుందని మొత్తుకుంటున్నాడు. కాచిన డప్పు తెచ్చి ఒక్క దెబ్బ వేశాడు అన్నా... ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు ఆ తమ్ముడు. అరగంటకి మళ్లీ మెత్తబడుతుంది, మళ్లీ మంట. అట్లా పొగలో, మంటల మధ్య ఒక పాట. మేడారం జాతరకు ముందు, బతుకమ్మకు ముందు ఇట్లాంటి గదుల్లో రాత్రింబవళ్లు పని నడుస్తుంది. ఆ తమ్ముడికి పాతికేళ్లు కూడా లేవు. ట్యూన్ అతనే, ప్రోగ్రామింగ్ అతనే, మిక్సింగ్ అతనే.

వాడిని పట్టుకుని 'సినిమా ఛాన్స్ ఎప్పుడు తమ్మీ' అని అడుగుతారు ఇంట్లోవాళ్లు. సినిమా ఒక్కటే దారా? మైకేల్ జియాచినో అని ఒకాయన ఉన్నాడు అమెరికాలో. మొదట్లో చేసింది వీడియో గేమ్‌లు. 1999లో 'మెడల్ ఆఫ్ ఆనర్' అని యుద్ధం గేమ్‌కి మ్యూజిక్ చేశాడు. అది విని జె.జె. ఏబ్రమ్స్ పిలిచి 'ఏలియస్' అనే టీవీ సిరీస్ ఇచ్చాడు, తర్వాత 'లాస్ట్'. తర్వాత 'అప్' సినిమాకి ఆస్కార్. గేమ్ నుంచి టీవీకి, టీవీ నుంచి సినిమాకి. మనోళ్లు గేమ్ ఆడుతుంటే చార్జర్ లాక్కుంటాం మనం! కానీ ఆయనకి ఆ గేమ్ కంపెనీ ఏం ఇచ్చిందో చూడండి, నిజమైన ఆర్కెస్ట్రా. అంతమంది ముందు తన స్వరాలు వాయించి వినే అవకాశం. చక్రికి మొదట్లో దొరకనిదీ అదే, ఆ మేడ మీది తమ్ముడికి ఇవాళ దొరకనిదీ అదే.

లేఖలు రాసే అన్నలూ, నా మాట వింటే ఇంకో లేఖ రాయండి. ఈసారి కీరవాణి పేరు ఎత్తకుండా. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం కట్టడానికి పదేళ్లు పట్టింది, 2024లో తెరిచారు. మంచి బిల్డింగ్, నేనూ వెళ్లి చూశా. అందులోనో పక్కనో నలభై మంది ఒకేసారి కూర్చుని వాయించే రికార్డింగ్ హాలు ఒకటి పెట్టమనండి. ప్యాకేజీ డబ్బుల్లో సరిపోయే అద్దెకి ఇవ్వమనండి. దానికి చక్రి పేరు పెట్టమనండి. పొగ బయటికి పోయే దారి కూడా పెట్టమనండి, డప్పు కాచుకోవాలి కదా.