చెమట పట్టడం వేరు, తప్పించుకోవడం వేరు
(విజయనగరంలో డిగ్రీ అమ్మాయిల ముందు మాట్లాడింది)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, మైకు లేకపోయినా పర్లేదు, నా గొంతు వెనక బెంచీ దాకా వినబడుద్ది.

ఈమధ్య మన ఊళ్ళో ఎటు చూసినా జిమ్ములే, గోడ మీద ఫ్లెక్సీ, కిక్ బాక్సింగ్, వెయిట్ లాస్, కింద మూలకి సెల్ఫ్ డిఫెన్స్ అని కూడా. అలాంటి బ్యాచ్ నేనూ నడుపుతాను కాబట్టి తిట్టడానికి రాలేదు. పాట పెట్టుకుని గంటసేపు పంచ్‌లు కిక్‌లు కొడితే దమ్ము పెరుగుద్ది, నిద్ర బాగా పడుద్ది. అమెరికాలో బిల్లీ బ్లాంక్స్ అని ఒకాయన 1990ల్లో తై బో పేరుతో ఇదే వీడియో క్యాసెట్లు చేసి తెగ అమ్మాడు, మనిషి కరాటేలో మంచి ఆటగాడే, కానీ ఆ క్యాసెట్ పెట్టుకుని ఇంట్లో చేసేవాళ్ళ ఎదురుగా ఎవడూ ఉండడు కదా, గాలే.

మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారిది కుస్తీ. కుస్తీలో ఎదుటోడు పడనని మొండికేస్తాడు, వాణ్ణి పడెయ్యాలి. జపాన్లో 1882లో జూడో మొదలెట్టిన కానో జిగోరో కూడా రందోరి అని, అవతలోడు తిరగబడుతుంటే చేసే ప్రాక్టీసుకే పెద్దపీట వేశాడు. ఫిట్‌నెస్ క్లాసులో లేనిది అదే.

మణికట్టు పట్టుకుంటే బొటనవేలు వైపు నుంచి లాక్కోవాలి, పట్టు అక్కడే వీక్, అందరం నేర్పుతాం, తప్పేం కాదు. కానీ క్లాసులో ఫ్రెండ్ మెత్తగా పట్టుకుంటాది, లాగగానే వదిలేస్తాది, ఇద్దరూ నవ్వుకుంటారు. బయట పట్టుకున్నోడు అలా నిలబడతాడేటి, పట్టుకున్న సెకనుకే తనవైపు గుంజుతాడు, మీ కాళ్ళు తడబడతాయి, ఈలోపు రెండో చెయ్యి నోటి మీదకి వచ్చేస్తాది, గుండె దడ, వేళ్ళు వణుకు, ఆ టైంలో పాటకి వేసిన ఎనిమిది స్టెప్పుల కాంబినేషన్ ఏటి గుర్తొస్తాది! మోటు పనులే గుర్తుంటాయి. అరచేతి అడుగుభాగంతో ముక్కు మీద ఒక్క తోపు, మోకాలు, గట్టిగా అరుపు, పరుగు.

అసలు సగం పని అంతకుముందే ఉంది. రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగారు, వెనకాల ఎవడో వస్తున్నాడనిపించింది, ఫోన్లోంచి తల ఎత్తండి, రోడ్డు దాటండి, వాడూ దాటితే లైటున్న షాపులోకి వెళ్ళిపోయి 112 కొట్టండి. దగ్గరికొస్తే "ఏటి కావాలి, దూరం జరుగు" అని నలుగురికీ వినపడేలా అనండి. సిగ్గుపడకండి, పొరపాటైతే సారీ చెప్తే పోద్ది. గొలుసు లాగేవాడైతే మాత్రం పోట్లాట వద్దు, పోనివ్వండి.

చట్టం సంగతి ఒక్కమాట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, కొట్టొచ్చు, కానీ అవసరమైనంతే. వాడు పారిపోతుంటే తరిమి తరిమి కొడితే మీ మీదే కేసు అవ్వొచ్చు.

సరే, బెంచీలు వెనక్కి జరపండి, చున్నీలు పక్కన పెట్టి ఇద్దరిద్దరు నిలబడండి. పట్టుకునేవాళ్ళు ఈసారి మొహమాటం లేకుండా గుంజండి.