22 అని పెట్టిన తర్వాత కారు చేసే పని

[దృశ్యం: ఎండలో నిలిపిన కారు. ఒకరు లోపల కూర్చుని ఉష్ణోగ్రత మీటను 22 నుంచి 16కు తిప్పుతారు.]

ఈ పని మీరూ చేసే ఉంటారు. ఎండలో మగ్గిన కారు ఎక్కగానే, త్వరగా చల్లబడుతుందన్న ఆశతో అంకెను బాగా దించేస్తాం. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ (లోపలి వేడిని తనంతట తానే సర్దే ఏర్పాటు) ఉన్న కారులో దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. లోపల 45 డిగ్రీలు ఉంటే, మీరు 22 పెట్టినా అది మొదట తన శక్తినంతా కూడగట్టుకునే పనిచేస్తుంది. 16 పెడితే వేగం పెరగదు. హాయిగా ఉండే చోటు దాటిపోయి, కాసేపటికి మీకు వణుకు పుడుతుంది, అంతే.

ఎందుకంటే ఆ అంకె వెంట్‌లోంచి వచ్చే గాలిది కాదు, మీ చుట్టూ ఉండవలసిన గాలిది. మామూలు కారు ఏసీలో చలివేస్తే మళ్లీ మీరే మీట తిప్పాలి. ఇక్కడ మీరు గమ్యం చెబితే చాలు, దారి అదే వెతుక్కుంటుంది. 1964లోనే క్యాడిలాక్ కార్లలో ‘కంఫర్ట్ కంట్రోల్’ పేరుతో ఈ ఏర్పాటు వచ్చింది.

[దృశ్యం: స్టీరింగ్ పక్కన, డ్యాష్‌బోర్డు మీద చిన్న జాలీ. కెమెరా బాగా దగ్గరికి వెళ్తుంది.]

ఈ జాలీని చూడండి. చాలామంది దీన్ని మైకు అనుకుంటారు. దీని వెనక థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ మార్పును బట్టి కంప్యూటర్ లోపలి ఉష్ణోగ్రతను తెలుసుకుంటుంది. అయితే ఒక చిక్కుంది. అక్కడ గాలి కదలకుండా ఉంటే సెన్సర్ కొలిచేది డ్యాష్‌బోర్డు వేడినే తప్ప మీ చుట్టూ ఉన్న గాలిని కాదు. అందుకే చాలా కార్లలో చిన్న ఫ్యానో, సన్నని గొట్టమో లోపలి గాలిని ఈ జాలీలోంచి నిరంతరం పీలుస్తూ ఉంటుంది.

[దృశ్యం: ఏసీ నడుస్తుండగా టిష్యూ కాగితం ముక్కను జాలీ దగ్గర పెడతారు. అది అతుక్కుని నిలుస్తుంది.]

ఇలా అతుక్కుంటే గాలి అందుతున్నట్టే. దుమ్ము పట్టి మూసుకుపోతే పాపం ఆ కంప్యూటర్ తప్పుడు కబురు నమ్ముకుని పనిచేయాలి.

ముందు అద్దం అంచున నల్లటి చిన్న బుడిపె కూడా ఉంటుంది. అది ఎండను కొలిచే సెన్సర్. లోపలి గాలి వేడెక్కకముందే ఎండ మీ ముఖం మీద, చేతుల మీద పడుతుంది కదా, ఆ సంగతి థర్మిస్టర్‌కు తెలియదు. ఈ బుడిపె చెబుతుంది. నేను ఒకసారి డ్యాష్‌బోర్డు మీద అందంగా ఉంటుందని గుడ్డ పరిచాను. రెండు రోజుల పాటు మధ్యాహ్నం కూడా ఏసీ మందకొడిగా నడిచింది, పట్టపగలే హెడ్‌లైట్లు వెలిగాయి. నా కారులో రెండు పనులకూ ఆ బుడిపె చెప్పిందే ఆధారం. గుడ్డ తీయగానే అన్నీ సర్దుకున్నాయి.

బయటి వేడిని కొలిచే సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ వెనక ఉంటుంది. కారు ఆగినప్పుడు ఇంజన్ సెగ దానికి తగులుతుంది. అందుకే కారు నిలిచి ఉన్నప్పుడు అది చూపే హఠాత్తు పెరుగుదలను కంప్యూటర్ వెంటనే నమ్మదు.

[దృశ్యం: డ్యాష్‌బోర్డు లోపలి పెట్టె అడ్డుకోత బొమ్మ. గాలి దారి నీలం, ఎరుపు రంగుల్లో.]

ఇప్పుడు అసలు పనితనం చూద్దాం. గాలి ముందుగా ఎవాపరేటర్ అనే చల్లబరిచే భాగం మీదుగా వెళ్తుంది. అక్కడ చల్లబడటమే కాదు, తేమను కూడా వదిలేస్తుంది. ఆ నీరు గడ్డకట్టకుండా ఎవాపరేటర్‌ను సున్నాకు కొద్ది డిగ్రీలు పైనే ఉంచుతారు. దాని వెనక ఇంజన్ వేడినీటితో నడిచే హీటర్ ఉంటుంది. రెండింటి మధ్య బ్లెండ్ డోర్ అనే చిన్న తలుపు. ఎంత గాలి హీటర్‌లోంచి పోవాలో, ఎంత పక్కనుంచి తప్పుకోవాలో చిన్న మోటారు ఆ తలుపును కొద్దికొద్దిగా జరిపి నిర్ణయిస్తుంది. చల్లార్చిన గాలిని మళ్లీ వేడి చేయడం వృథాగా అనిపించవచ్చు. కానీ వాన రోజున అద్దం మీద పట్టిన ఆవిరి త్వరగా పోయేది ఇలా తేమ తీసి వెచ్చబెట్టిన గాలితోనే. అప్పుడు ఏసీని ఆపకండి.

చలి ఉదయాన ‘ఆటో’ బటన్ నొక్కితే ఫ్యాను కాసేపు ఊరకుంటుంది. చెడిపోయిందని కంగారు పడవద్దు. ఇంజన్ నీళ్లు వేడెక్కేదాకా మీ మీదకు చల్లగాలి కొట్టకుండా ఆగుతోంది. విద్యుత్ కార్లలో ఇంజన్ ఉండదు కాబట్టి విద్యుత్ హీటరో, హీట్ పంపో ఆ పని చేస్తుంది.

[దృశ్యం: మళ్లీ మొదటి కారు. అద్దాలు దించి ఉన్నాయి.]

ఎండలో నిలిచిన కారును తీసేటప్పుడు ముందు అద్దాలన్నీ దించి, లోపలి సెగను బయటికి పోనివ్వండి. తర్వాత అద్దాలెత్తి, 22 పెట్టి, ఆటో నొక్కి చెవి ఒగ్గండి. మొదట ఫ్యాను హోరెత్తుతుంది. కొన్ని నిమిషాలకు ఆ హోరు మెల్లగా తగ్గుతుంది. ఆ చిన్న జాలీ వెనక కొలత 22కు దగ్గరపడిందన్నమాట.