పట్టణం అనిపించుకోని ఊరు

శ్రోతలందరికీ నమస్కారం.

లండన్‌కు నైరుతి దిక్కున సర్రీ అనే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఉంది. అక్కడి గిల్డ్‌ఫర్డ్ పట్టణం నుంచి సుమారు 13 కిలోమీటర్లు వెళితే క్రాన్లీ వస్తుంది. జనాభా 11 వేలు దాటింది. ప్రధాన వీధికి రెండు వైపులా దుకాణాలు, సూపర్ మార్కెట్లు, స్కూళ్లు, పాత బడి భవనంలో ఒక ఆర్ట్స్ సెంటర్ కూడా ఉన్నాయి. చూసినవాళ్లెవరైనా ఇది పట్టణమే అంటారు. ఆ ఊరివాళ్లు మాత్రం ఒప్పుకోరు. "మాది ఊరు. ఇంగ్లండులోకెల్లా పెద్ద ఊరు" అని చెప్పుకుంటారు. యార్క్‌షైర్‌లో కాటింగ్‌హామ్, ససెక్స్‌లో లాన్సింగ్ కూడా ఇదే మాట అంటాయి. ఈ పోటీ తేలేది కాదు. ఎంతమంది ఉంటే ఊరు, ఎంత దాటితే పట్టణం అన్న గీతను అక్కడి చట్టం గీయలేదు.

మన దగ్గర పంచాయతీ మున్సిపాలిటీ కావాలంటే ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఇంగ్లండులో 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం పారిష్ కౌన్సిల్, అంటే వాళ్ల పంచాయతీ, ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది. అది టౌన్ కౌన్సిల్ అయిపోతుంది, అధ్యక్షుడు టౌన్ మేయర్ అనిపించుకుంటాడు. ఇంత తేలికైన పనిని క్రాన్లీ ఇప్పటికీ చేయలేదు. నన్ను ఈ ఊరివైపు లాగింది అదే. ఊరు అన్న మాటను వాళ్లు అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారో తెలియాలంటే 1859కి వెళ్లాలి.

క్రాన్లీ ఉన్న ప్రాంతాన్ని వీల్డ్ అంటారు. ఒకప్పుడది దట్టమైన ఓక్ అడవి. నేల బంకమట్టి. చలికాలం వచ్చిందంటే దారులు బురదగుంటలయ్యేవి, బళ్లు ఇరుసుల దాకా దిగబడేవి. ఆ రోజుల్లో ఒక కూలీ బండి కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడనుకుందాం. గిల్డ్‌ఫర్డ్‌లో పెద్దాసుపత్రి ఇంకా రాలేదు, అది 1866లో వచ్చింది. మంచి ఆసుపత్రులన్నీ లండన్‌లో ఉన్నాయి. అక్కడ చేర్చుకోవాలంటే చందా ఇచ్చే పెద్దమనిషి ఎవరైనా సిఫారసు ఉత్తరం రాసివ్వాలి. ఆ ఉత్తరం దొరికినా, విరిగిన కాలుతో ఆ బురదలో అంత దూరం వెళ్లడమెలా? లేదంటే పదిమంది ఉండే ఒంటిగది ఇంట్లో, గాలి ఆడని చోట పడి ఉండాలి. అదీ కుదరకపోతే వర్క్‌హౌస్. గతిలేని వాళ్లను ఉంచే ఆ చోటికి వెళ్లడమంటే పేదవాళ్లకు పరువు పోయినట్టే.

క్రాన్లీలో ఆల్బర్ట్ నాపర్ అనే డాక్టరు ఉండేవాడు. ఇలాంటి రోగులను రోజూ చూస్తున్నవాడు. తాను బాగుచేయగలిగిన మనిషి కూడా పడుకోవడానికి సరైన చోటు లేక చేయి దాటిపోతున్నాడని ఆయన బాధ. చర్చి రెక్టర్, అంటే అక్కడి పాదిరి, జాన్ హెన్రీ సాప్టే చర్చి దగ్గరున్న పాత కలప ఇల్లు ఒకటి అద్దె లేకుండా ఇచ్చాడు. గోడలకు సున్నం కొట్టి ఆరు మంచాలు వేశారు, ఒక నర్సును పెట్టారు. 1859లో అక్కడ వైద్యం మొదలైంది. ఇంగ్లండులో మొట్టమొదటి కాటేజ్ ఆసుపత్రిగా చరిత్రకెక్కింది ఆ చిన్న ఇల్లే.

అందులో నాకు బాగా నచ్చింది డబ్బు సంగతి. రోగి తన శక్తి కొద్దీ వారానికి కొంత కట్టాలి. మిగతాది ఊరివాళ్ల చందాలు. అప్పటి పెద్ద ఆసుపత్రులు ఉచితంగానే చూసేవి. కానీ అక్కడికి ఒకరి దయతో వెళ్లాలి. ఇక్కడ కూలీ తన డబ్బు తాను కట్టి తన మంచం మీద పడుకున్నాడు. చుట్టూ తెలిసిన ముఖాలే, చూసేది తన ఊరి డాక్టరే. తర్వాత నాపర్ తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా రాసి అచ్చు వేయించాడు. అది చదివి, క్రాన్లీకి వచ్చి చూసి, మిగతా ఊళ్లవాళ్లూ మొదలుపెట్టారు. ఆ శతాబ్దం చివరికి దేశంలో ఇలాంటి ఆసుపత్రులు దాదాపు 300 అయ్యాయి.

ఆసుపత్రి వచ్చిన ఆరేళ్లకు, 1865 అక్టోబరులో, రైలు వచ్చింది. అంతకుముందు 1816 నుంచి దగ్గర్లో పడవల కాలువ ఒకటి నడిచేది. రైలు దెబ్బకు అది 1871లో మూతపడింది. ఊరి పేరు మారిందీ ఆ కాలంలోనే. అప్పటిదాకా ఇంగ్లీషులో పేరు చివరి అక్షరాలు వేరేగా రాసేవారు. ఆ రాతలో క్రాన్లీకీ, ససెక్స్‌లోని క్రాలీకీ ఒక్క అక్షరమే తేడా. చేతిరాత చిరునామాల్లో ఒక ఊరి ఉత్తరాలు ఇంకో ఊరికి పోయేవి. అందుకని 1860ల చివర్లో పలుకు అలాగే ఉంచి స్పెల్లింగు మార్చారు.

దాదాపు నూరేళ్లు నడిచి, 1965 జూన్‌లో ఆ రైలు ఆగిపోయింది. నష్టాల లైన్లను ఎత్తేయాలని 1963లో వచ్చిన బీచింగ్ నివేదికకు బలైన వందలాది లైన్లలో అదొకటి. పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు డౌన్స్ లింక్ అనే కాలిబాట. దాని మీద సైకిళ్లు, గుర్రాలు కూడా వెళతాయి. నడవడానికి చక్కటి దారే. కానీ రోజూ గిల్డ్‌ఫర్డ్‌కు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఇరుకు రోడ్డు మీద కార్ల వెనక కార్లలో కూర్చోవాలి. పైగా కొత్త ఇళ్లు వందల్లో లేస్తున్నాయి. ఇలా పెరిగితే ఊరు ఊరుగా మిగులుతుందా అన్న టెన్షన్ అక్కడివాళ్లలో గట్టిగా ఉంది. అది న్యాయమైన దిగులే అంటాను.

అయినా ఊరి నడక ఆగలేదు. గురువారం సంత జరుగుతుంది. వేసవిలో ఊరుమ్మడి మైదానం మీద క్రికెట్ ఆడతారు. నవంబరులో అదే మైదానం మీద మన భోగి మంట లాంటి పెద్ద మంట వేస్తారు. ప్రధాన వీధి పొడవునా మేపుల్ చెట్లు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైనికులు ఈ చుట్టుపక్కల శిబిరాల్లో ఉండేవారు. వాళ్ల జ్ఞాపకంగా, వాళ్ల దేశపు చెట్టును ఇక్కడ నాటారు. ఆకు రాలే కాలంలో ఆ వీధంతా ఎర్రబడుతుంది.

ఇక ఆసుపత్రి. 1948 జులైలో దేశంలోని చాలా ఆసుపత్రులతో పాటు అదీ జాతీయ ఆరోగ్య సేవ కిందికి వెళ్లింది. ఊరు చందాలతో నిలబెట్టుకున్నది ప్రభుత్వం చేతికి చేరింది. ఖర్చు భారం తగ్గింది, నిర్ణయం కూడా చేతిలోంచి జారింది. 2006లో అక్కడి మంచాలు ఎత్తేశారు. రాత్రి పూట రోగిని ఉంచుకోవడం ఆగిపోయింది. వచ్చి చూపించుకుని వెళ్లే వైద్యం మాత్రం మిగిలింది.

ఊరు ఊరుకోలేదు. మళ్లీ చందాలు పోగుచేశారు. కొత్త ఆసుపత్రి కట్టుకుందామని ట్రస్టు పెట్టారు, స్థలం చూశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆలోచన పెద్ద నర్సింగ్ హోమ్‌గా, అంటే ముసలివాళ్లను ఉంచి చూసుకునే చోటుగా, అందులో ఊరికి కొన్ని మంచాలుగా మారింది. మేము డబ్బిచ్చింది ఇందుకా అని కొందరు ఎదురు తిరిగారు. ఏదో ఒకటి ముందు రానివ్వండి అన్నారు ఇంకొందరు. ఒకే వీధిలో ఉండేవాళ్లు ఆ మంచాల కోసం రెండు పక్షాలయ్యారు. నాపర్ ఆరు మంచాలు వేసిన పాత ఇల్లు మాత్రం అక్కడే ఉంది.

నమస్కారం.