ఈ రాత ఏ వాద్యానిది?

శ్రోతలకు నమస్కారం.

పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సులో ల్యూట్, థియోర్బో వంటి మీటు వాద్యాలకు సంగీతాన్ని టాబ్లచర్ అనే పద్ధతిలో రాసుకునేవారు. ఒక్కొక్క గీత ఒక్కొక్క తీగకు గుర్తు. పై గీత మొదటి తీగ. మెట్టు నొక్కకుండా మీటితే 'ఎ', మొదటి మెట్టుకు 'బి', రెండో మెట్టుకు 'సి'. అంటే వేలు ఎక్కడ ఉంచాలో ఈ రాత చెబుతుంది, ఏ స్వరం పలుకుతుందో మాత్రం చెప్పదు. స్వరం తీగల శ్రుతిని బట్టి ఉంటుంది. వాద్యం పేరు రాయని వ్రాతప్రతి చేతికి వచ్చినప్పుడు చిక్కంతా ఇక్కడే.

ఫ్రాన్సులోని బెజాన్సోన్ నగర గ్రంథాలయంలో 1699 నాటి సేజ్నే వ్రాతప్రతి ఉంది. ఆనాటి ఫ్రెంచి స్వరకర్త రాబేర్ ద వీజే రచనలు ఎన్నో ఉన్న ఆ ప్రతిలో ల్యూట్ రచనలూ, థియోర్బో రచనలూ రెండూ ఉన్నాయి. అక్షరాలు ఒకటే, ఆరు గీతలూ ఒకటే. శీర్షికలు చెరిగిపోయాయనుకుందాం. అప్పుడు దేన్ని పట్టుకుని తేల్చాలి?

నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఒకటి చెబుతాను. నాలుగో గీత మీద 'ఎ', మొదటి గీత మీద 'ఎ', మూడో గీత మీద 'ఎ', మళ్ళీ మూడో గీత మీదే 'బి' వరుసగా ఉన్నాయనుకోండి. థియోర్బో తీగలు చాలా పొడవైనవి. జంతువుల పేగుతో చేసిన అంత పొడవు తీగను పై శ్రుతికి బిగిస్తే తెగిపోతుంది కనుక, మొదటి రెండు తీగలను ఒక స్థాయి కిందికి దించి కట్టేవారు. అందువల్ల ఆ నాలుగు అక్షరాలూ థియోర్బో మీద స, రి, గ, మ అని మెట్టుమెట్టుగా పైకి నడుస్తాయి. అవే అక్షరాలను ఆనాటి ఫ్రెంచి ల్యూట్ మీద మీటితే స, తారస్థాయి స, గ, మ అని వినిపిస్తుంది. రి మాయమైంది, దాని చోట ఒక గంతు వచ్చింది. ఒక్కచోట గంతు రావడం తప్పు కాదు, స్వరకర్త కోరి వేసి ఉండవచ్చు. కానీ రచన పొడుగునా పాట ఇలాగే గంతులు వేస్తూ ఉంటే, మనం చదువుతున్న శ్రుతి తప్పని అర్థం.

ముగింపు కూడా చూడాలి. చివరి మీటులో ఆరు గీతల మీదా 'ఎ' ఉంటే, ల్యూట్ మీద అది నిండైన డి మైనర్ స్వరమేళం, అంటే ఒకేసారి కలిసి ఇంపుగా పలికే స్వరాల గుంపు. థియోర్బో మీద మాత్రం అవి అలా కుదరవు కనుక ఏ స్వరకర్తా అక్కడ ఆపడు.

ఇక గీతల కింద రాసే మంద్ర తీగల గుర్తులు. ఒంటిగా గానీ జంటగా గానీ కట్టి ఒకటిగా మీటే తీగలను వరుస అంటారు. పదకొండు వరుసల ల్యూట్‌కు అవి 4 అనే అంకెతో ఆగుతాయి. పద్నాలుగు వరుసల థియోర్బోకు 7 వరకు వెళ్తాయి. 7 కనిపిస్తే పదకొండు వరుసల ల్యూట్ కాదని నిశ్చయంగా చెప్పవచ్చు. కనిపించనంత మాత్రాన థియోర్బో కాదని చెప్పడానికి వీల్లేదు, ఆ రచనకు ఆ తీగ అవసరపడి ఉండకపోవచ్చు. కనుక వ్రాతప్రతుల పట్టికలు తయారుచేసేవారికి నాదొక మనవి: వాద్యం పేరు పక్కనే, అది ఏ పుటలోని ఏ గుర్తును బట్టి నిర్ణయించారో కూడా ఒక వాక్యం రాయండి.