రాత్రి తిన్న కూరదేనా తప్పు?

అందరికీ నమస్కారం.

ఒడిశాలోని మన రాయగడ తెలుగు ఇళ్లలో ఎవరికి మోషన్స్ పట్టుకున్నా మొదటి మాట ఒకటే: "రాత్రి తిన్నది పడలేదు." నీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులతో మొదలై, అదే తిన్న నలుగురికీ వస్తే ఆ వంటను అనుమానించవచ్చు. వండి గంటల తరబడి బయట వదిలేస్తే పదార్థంలో విషం తయారవుతుంది. మళ్లీ వేడిచేసినా కొన్ని విషాలు పోవు. కానీ పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ లోపలికి వెళ్లాక సుమారు రెండు రోజులకు బయటపడుతుంది. కలరాకు కొన్ని గంటలు చాలు, ఐదు రోజులూ పట్టవచ్చు. అంటే తప్పు చాలాసార్లు రాత్రి కూరది కాదు.

వానలు మొదలయ్యాక నా అనుమానం ముందు నీటి మీదికే పోతుంది. ఆరుబయట మలాన్ని వాన కడిగి చెలమల్లో, వాగుల్లో కలుపుతుంది. మన జిల్లాలోనే కాశీపూర్ వైపు 2007లోనూ, 2022లోనూ కలరా వచ్చింది. అది కొండ ఊళ్ల సంగతి, మనది టౌను అంటారా? మురుగు కాలువ పక్కన మంచినీళ్ల పైపు పగిలి ఉందనుకోండి. కుళాయికి మోటారు బిగించి లాగితే ఆ మురుగే మీ బిందెలోకి వస్తుంది. మోటారు లేని ఇల్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు!

పసిపిల్లలకైతే "పళ్లొస్తున్నాయి" అని వదిలేస్తారు. పళ్లు విరేచనాలు తేవు. ఆ వయసులో దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, క్రిములు అలా పోతాయి. రోటా వైరస్‌కు టీకాగా నోట్లో వేసే చుక్కలు 2016లో దేశంలో ముందుగా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్ర రెండూ ఉన్నాయి. 6, 10, 14 వారాలకు వేయాలి. ఆంధ్రలోని పార్వతీపురంలో పురుడు పోసుకుని ఇక్కడికొచ్చాక మిగతా డోసులు మరిచిపోవద్దు తల్లీ, కార్డు వెంట తెచ్చుకోండి.

మందులూ కారణమే. యాంటీబయాటిక్, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర కొందరికి విరేచనాలు తెస్తాయి. అలాంటప్పుడు మెడికల్ షాపులో ఇంకో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కోవడం ఏమిటండీ? షుగరు మాత్ర మాత్రం డాక్టరును అడగకుండా మానకండి.

కారణం ఏదైనా ఓఆర్ఎస్ (ఉప్పు, చక్కెర ఉన్న పొడి కలిపిన నీళ్లు) వెంటనే మొదలుపెట్టండి. లీటరు ప్యాకెట్టయితే మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకి చిటికెడు కాదు. రక్తం పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీరు అడగండి.